టిఫా స్కాన్ దాకా ఆగే విషయం కాదిది

తిరుపతిలో ఏ స్కాన్ సెంటర్ ముందు చూసినా ఐదో నెల గర్భిణులు వరసగా కూర్చుని ఉంటారు. బిడ్డ అవయవాలన్నీ చూసే ఈ టిఫా స్కాన్‌లో వెన్ను సరిగ్గా మూసుకోలేదనో, గుండె గదుల్లో తేడా ఉందనో తెలిసిందంటే ఇంటిల్లిపాదీ పోయిన నెలరోజుల్లో ఏం జరిగిందా అని తవ్వుకుంటారు. జ్వరానికి వేసుకున్న బిళ్ళ, తిన్న బొప్పాయి ముక్క, గ్రహణం రోజు వాకిట్లోకి రావడం. చివరికి నింద కోడలి మీద పడుతుంది. అసలు కారణం అక్కడ ఉండదు. ఐదో నెలలో కనిపించేది మొదటి రెండు నెలల్లోనే జరిగిపోయింది. జన్యువుల వల్ల వచ్చిందైతే అంతకంటే ముందే ఖాయమైంది.

ఈ లెక్క ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. పిండం ఏర్పడేది ఆ తర్వాత రెండు వారాలకు. అంటే నెల తప్పిన రోజుకు డాక్టరు లెక్కలో నాలుగు వారాలు, పిండం వయసు రెండు వారాలు. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం పిండం వయసు 28 రోజులయ్యేసరికి మూసుకుపోతుంది. నెల తప్పాక అప్పటికి రెండు వారాలే. గుండె 22వ రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలుపెట్టి, ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులూ ఏర్పరచుకుంటుంది. కాళ్ళూ చేతులూ నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తాయి. పై పెదవి ఆరేడు వారాలకు కలుస్తుంది, అంగిలి పదో వారం అటూ ఇటూగా. గ్రహణం వేళ తిరుమల తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంచుతారు. ఆచారం ఎవరిది వారు పాటించుకోవచ్చు. గ్రహణం మొర్రికి మాత్రం ఆకాశంలో జరిగేదానితో సంబంధం లేదు. ఆరో నెలలో వచ్చిన గ్రహణం నాలుగు నెలల కిందటే కలిసిపోయిన పెదవిని చీల్చలేదు.

మన పల్లెల్లో చాలామంది ఆశా కార్యకర్తకు పేరు రాయించుకుని మొదటిసారి ఆసుపత్రికి వచ్చేది రెండు నెలలు దాటాక. వెన్ను నాళం సరిగ్గా మూసుకోవడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు చేతికొచ్చేది అప్పుడే. వెన్ను నాళం మూసుకుని అప్పటికి నెల గడిచిపోతుంది. అందుకే ఆ బిళ్ళ పెళ్ళయిన దగ్గర్నుంచో, పిల్లలు కావాలనుకున్నప్పటినుంచో మొదలుకావాలి. కనీసం గర్భం రావడానికి నెల ముందు నుంచి, వచ్చాక 12 వారాలదాకా, రోజుకు 400 మైక్రోగ్రాములు. మందుల షాపులో సులువుగా దొరికేది 5 మిల్లీగ్రాముల బిళ్ళ. అది ఇంతకుముందు వెన్ను చీలికతో బిడ్డ పుట్టినవాళ్ళకు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళకు, గర్భానికి ముందే షుగర్ ఉన్నవాళ్ళకు డాక్టర్లు రాసే మోతాదు. ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులు 4 మిల్లీగ్రాములు వాడితే మళ్ళీ అదే లోపం రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధన తేల్చింది. ఆకుకూరల్లో, మన వేరుశెనక్కాయల్లో ఇదే విటమిన్ ఫోలేట్ రూపంలో ఉంది. కానీ ఈ రక్షణకు కావలసినంత తిండిలోంచే వస్తుందన్న భరోసా లేదు. ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ బిళ్ళలోనూ 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కదా, అదే చాలనుకుంటారు. ఆ బిళ్ళ తల్లి రక్తం కోసం. బిడ్డ వెన్ను కోసం వేసుకోవాల్సిన సమయం అప్పటికే దాటిపోయింది.

వందమంది పిల్లలు పుడితే ఇద్దరు ముగ్గురికి చెప్పుకోదగ్గ లోపం ఏదో ఒకటి ఉంటుంది. ఏ దేశంలోనైనా దాదాపు ఇంతే. వాటిలో సగానికి పైగా కారణం తేలదు. మందుల వల్ల వచ్చేవి నూటికి ఒకటి రెండుకు మించవు. అంత తక్కువదాని గురించి ఇంత రాయడం ఎందుకంటే, ఆ కొద్దిపాటి లోపాలను ఒక చీటీ మార్చి పూర్తిగా ఆపొచ్చు కాబట్టి.

మందుల్లో మొదట చెప్పాల్సింది ఫిట్స్ మందు సోడియం వాల్‌ప్రోయేట్. స్ట్రిప్ వెనక వాల్‌ప్రోయేట్ అనో, వాల్‌ప్రోయిక్ యాసిడ్ అనో, డైవాల్‌ప్రోయెక్స్ అనో ఉంటే అదంతా ఒకటే మందు. ఫిట్స్‌కే కాదు, మానసిక సమస్యలకూ, మైగ్రేన్‌కూ రాస్తారు. కాబట్టి ‘నాకు ఫిట్స్ లేవు కదా’ అని ఊరుకోకూడదు. ఇది వాడుతూ గర్భం దాలిస్తే పదిమందిలో ఒక బిడ్డకు వెన్ను చీలిక, గుండె లోపం, మొర్రి లాంటివి వస్తాయి. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. రోజుకు 650 మిల్లీగ్రాముల లోపు వందకు ఆరుగురు, 1450 దాటితే నలుగురిలో ఒకరు. స్కాన్‌లో కనపడనిది ఇంకొకటుంది. అవయవాలన్నీ బాగానే పుట్టిన పిల్లల్లోనూ వందకు 30 నుంచి 40 మందికి మాట, నడక ఆలస్యం కావడం, చదువులో వెనకబడటం, ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలు కనిపిస్తాయి. టిఫా నార్మల్ అని వచ్చిందని సంబరపడే ఇంట్లో నాలుగేళ్ళ తర్వాత బయటపడే కష్టం ఇది.

దీనికి బదులు లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ ఉన్నాయి. వీటితో ముప్పు వందకు ఇద్దరు ముగ్గురు, అంటే ఏ మందూ వాడనివాళ్ళతో దాదాపు సమానం. కార్బమజెపైన్ మధ్యస్తం. ఎప్టాయిన్ పేరుతో అందరికీ తెలిసిన ఫెనిటాయిన్ వల్ల ముఖంలో, వేళ్ళ గోళ్ళలో తేడాలు, గుండె లోపాలు రావచ్చు. టోపిరమేట్‌తో మొర్రి ముప్పు ఎక్కువ. అయితే మార్పిడి ఒక్క రోజులో అయ్యేది కాదు. లామోట్రిజిన్‌ను రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి పెంచాలి. వాల్‌ప్రోయేట్ ఇంకా వాడుతుంటే రోజు విడిచి రోజు 25తో మొదలు. తొందరపడి పెంచితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి వస్తుంది. కొత్త మందు నిలబడిందని, ఫిట్స్ రావడం లేదని చూసుకోవడానికి మొత్తం ఆరు నెలలు పెట్టుకోవాలి. అందుకే ఈ మాట పెళ్ళి చూపులప్పుడే, అమ్మాయి తరఫువాళ్ళు న్యూరాలజీ డాక్టర్‌తో ఎత్తాలి. మన దగ్గర జరిగేది తిరగబడి ఉంటుంది. ఫిట్స్ ఉన్న సంగతి అత్తింటివాళ్ళకు తెలియకూడదని బిళ్ళలు మానేస్తారు, లేదా దాచుకుని వేసుకుంటారు, నెల తప్పాక భయపడి ఒక్కసారిగా ఆపేస్తారు. గర్భంలో పెద్ద ఫిట్ వస్తే బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఎంత ప్రమాదకరమైన ఫిట్స్ మందైనా సొంతంగా ఆపకూడదు, ఆ వారంలోనే డాక్టర్‌ను కలవాలి. ఇంకో సంగతి. గర్భంలో లామోట్రిజిన్ శరీరంలోంచి చాలా వేగంగా పోతుంది. ముందు సరిపోయిన మోతాదు నాలుగో నెలకు చాలకపోవచ్చు. నెలనెలా చూపించుకుని పెంచుకుంటూ వెళ్ళాలి, కాన్పయ్యాక మళ్ళీ తగ్గించాలి.

గుండె కవాటం మార్పిడి అయిన ఆడపిల్లలు మన ప్రాంతంలో తక్కువేం కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి కవాటం పాడై, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి లాంటి చోట ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. లోహపు కవాటమైతే రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ జీవితాంతం వాడతారు. ఆరు నుంచి 12 వారాల మధ్య ఈ మందు తగిలితే బిడ్డ ముక్కు దూలం అణిగిపోతుంది, ఎముకల చివర్లలో సున్నపు చుక్కలు పడతాయి. వార్ఫరిన్ రోజుకు 5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. కానీ మందు మానేస్తే కవాటం మీద గడ్డ కట్టి తల్లి చనిపోవచ్చు. ఇక్కడ పద్ధతి ఒకటే. నెలసరి నాలుగు రోజులు ఆలస్యమైనా పరీక్ష చేసుకుని వెంటనే గుండె డాక్టర్‌ను కలవాలి. ఆ ఆరు వారాలకు హెపారిన్ ఇంజెక్షన్‌కు మారాలా, తక్కువ మోతాదు బిళ్ళే కొనసాగించాలా అన్నది మోతాదు, కవాటం రకం చూసి ఆయనే తేలుస్తారు.

బీపీ మందుల్లో ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ గర్భంలో వద్దు. నాలుగో నెల దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బిడ్డ మూత్రమే ఉమ్మనీరు కాబట్టి ఉమ్మనీరు ఎండిపోతుంది, ఊపిరితిత్తులు ఎదగవు, పుర్రె ఎముకలు గట్టిపడవు. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వాడొచ్చు. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ వాడేవాళ్ళు మొదటి మూడు నెలలకు వేరే మందుకు మారాల్సి రావచ్చు. థైరాయిడ్ తక్కువై థైరాక్సిన్ వాడేవాళ్ళది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నెల తప్పగానే మోతాదు పెంచాలి, వారానికి రెండు బిళ్ళలు అదనంగా వేసుకోమని సాధారణంగా చెబుతారు. గర్భంలో బిళ్ళలొద్దని థైరాక్సిన్ మానిపించే అత్తగార్లు దయచేసి ఈ ఒక్క ముక్క వినాలి. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడుకు అందేది తల్లి థైరాయిడే.

పెళ్ళిలోపు మొటిమలు పోవాలని చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళే అమ్మాయిలకు ఐసోట్రెటినాయిన్ రాయడం మామూలు. ఇది పిండానికి చాలా ప్రమాదం. చెవులు ఏర్పడకపోవడం, గుండె, మెదడు లోపాలు. మందు ఆపిన నెలదాకా గర్భం రాకూడదు. సోరియాసిస్‌కు వాడే ఎసిట్రెటిన్ అయితే మూడేళ్ళు. ముహూర్తం పెట్టుకున్నాక ఈ బిళ్ళ మొదలుపెట్టకపోవడమే మేలు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే అబార్షన్ కిట్ గురించి ఎవరూ రాయరు, రాయాలి. అందులో ఒక మిఫెప్రిస్టోన్ బిళ్ళ, నాలుగు మిసోప్రోస్టాల్ బిళ్ళలు ఉంటాయి. తొమ్మిది వారాల లోపు, డాక్టర్ పర్యవేక్షణలో సరిగ్గా వాడితే పనిచేస్తాయి. కానీ రక్తం పడింది కాబట్టి అయిపోయిందనుకుని వదిలేస్తే, కొందరిలో గర్భం నిలిచిపోతుంది. మిసోప్రోస్టాల్ గర్భసంచిని బలంగా బిగించడంతో పిండానికి రక్తం అందక, ముఖం ఒక పక్కో రెండు పక్కలో కదలకపోవడం, వేళ్ళు, చేతులు సగంలో ఆగిపోవడం జరగొచ్చు. కిట్ వాడినవాళ్ళు రెండు వారాలకు స్కాన్ చేయించుకుని ఖాళీ అయిందని చూసుకోవాలి. నిలిచిందని తేలితే, ఇంట్లో దాచకుండా ఆ బిళ్ళ వేసుకున్న సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

థాలిడమైడ్ చరిత్ర చాలామందికి తెలుసు. 1957లో జర్మనీలో నిద్రకు, వేవిళ్ళకు అమ్మిన బిళ్ళ. 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోపు పదివేలమందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అది చరిత్రలో కలిసిపోయిందనుకోకండి. కుష్ఠు రియాక్షన్లకు, ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడతారు. మగవాళ్ళు వాడుతున్నా వీర్యంలోకి వస్తుంది కాబట్టి కండోమ్ తప్పనిసరి. ఇక కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ ముందే ఆపాలి, క్షయకిచ్చే స్ట్రెప్టోమైసిన్ బిడ్డ వినికిడిని తీస్తుంది, డాక్సీసైక్లిన్ నాలుగో నెల తర్వాత పాలపళ్ళను పసుపుపచ్చగా మారుస్తుంది, నొప్పి బిళ్ళల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ 20 వారాలు దాటాక వద్దు. పారాసెటమాల్ వేసుకోవచ్చు. సారాయైనా బీరైనా ‘ఇంతవరకు పర్వాలేదు’ అనే గీత లేదు. తల్లికి షుగర్ ఉంటే అదే ఒక పెద్ద మందుతో సమానమైన ముప్పు. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీని 6.5 లోపుకు తెచ్చుకుని గర్భానికి సిద్ధం కావాలి. 10 దాటి ఉంటే అయిదుగురిలో ఒక బిడ్డకు గుండె, వెన్ను లోపాలు వచ్చే స్థాయికి పోతుంది.

ఇంత చెప్పాక దీని రెండో వైపూ చెప్పకపోతే తప్పవుతుంది. తెలియక ఒక ఎక్స్‌రే తీయించుకున్నామని, రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు మింగామని మంచి గర్భాన్ని తీయించుకునేవాళ్ళు ఉన్నారు. రేడియేషన్‌ను మిల్లీగ్రేలలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకు తగిలేది ఒక మిల్లీగ్రేలో వందో వంతు కూడా ఉండదు. లోపాలు వచ్చే స్థాయి 50 నుంచి 100 మిల్లీగ్రేలు. అమాక్సిసిలిన్, సెట్రిజిన్, దగ్గు మందు ఇవేవీ గర్భం తీయించుకోవడానికి కారణాలు కావు. పిండం ఏర్పడ్డాక మొదటి రెండు వారాల్లో తగిలిన దెబ్బ సాధారణంగా గర్భం నిలవకుండా చేస్తుంది, లేదా ఏ ఆనవాలూ లేకుండా మానిపోతుంది. స్ట్రిప్, వేసుకున్న తేదీలు రెండూ పట్టుకుని వెళ్ళి అడగండి. ఆ తేదీలు లేకుండా ఎంత పెద్ద డాక్టరైనా ఏం చెప్పలేరు.

జన్యువుల వైపుకొస్తే మన దగ్గర మొదట వచ్చేది మేనరికం. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ సుమారు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్త సంబంధంలోనే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కుప్పం, పలమనేరు వైపు అక్క కూతురిని చేసుకోవడం కొత్తేమీ కాదు. మేనబావ మేనమరదళ్ళు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామ మేనకోడలు అయితే నాలుగో వంతు. సాధారణంగా వందకు రెండు మూడుండే ముప్పు మేనబావ పెళ్ళిలో ఇంకో రెండు మూడు పెరుగుతుంది. మేనమామ పెళ్ళిలో అంతకంటే ఎక్కువ. ఎక్కువమందికి ఆరోగ్యంగానే పుడతారు. మా తాతలు చేసుకోలేదా అని అడిగేవాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. అయితే ఇంట్లో ఒక జబ్బు ఇప్పటికే ఉన్నప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. దాన్ని అంకెల్లో చూడాలి.

ఒకతని తమ్ముడు చిన్నప్పుడే థలసీమియాతో, అంటే వంశపారంపర్యంగా వచ్చే తీవ్ర రక్తహీనతతో, చనిపోయాడనుకుందాం. అంటే తల్లిదండ్రులిద్దరూ తమకు జబ్బు లేకుండానే ఆ జన్యువును మోస్తున్నవాళ్ళు. అతను ఆరోగ్యంగా ఉన్నాడు, కానీ అతనూ మోస్తుండే అవకాశం మూడింట రెండు వంతులు. బయటి సంబంధం చేసుకుంటే, ఆ అమ్మాయి మోసే అవకాశం యాభైలో ఒకటి అనుకుందాం. ఇద్దరూ మోస్తే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మూడూ గుణిస్తే మూడొందల్లో ఒకటి. అదే అతను సొంత అక్క కూతురిని చేసుకుంటే, అక్క మోసే అవకాశం మూడింట రెండు, ఆమె నుంచి కూతురికి చేరే అవకాశం సగం, అంటే కూతురు మోసే అవకాశం మూడింట ఒకటి. అతని మూడింట రెండు వంతులు, ఆమె మూడో వంతు, బిడ్డకు నాలుగో వంతు గుణిస్తే పద్దెనిమిదిలో ఒకటి. ఆ ఇంట్లో మేనరికం వద్దనడానికి ఈ రెండు అంకెలే చాలు. కాదూ చేసుకోవాల్సిందే అంటే, పెళ్ళికి ముందు ఇద్దరికీ రక్త పరీక్ష చేస్తే సందేహం తీరిపోతుంది. ఇద్దరిలో ఒక్కరే మోస్తుంటే బిడ్డకు జబ్బు రాదు.

ఈ లెక్క ఎవరైనా వేయాలంటే ముందు వంశవృక్షం కావాలి. ఒక తెల్లకాగితం మీద మూడు తరాలు గీయండి. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం, భార్యాభర్తల మధ్య ఒక గీత, రక్త సంబంధమైతే రెండు గీతలు. జబ్బున్నవాళ్ళను నల్లగా నింపండి, చనిపోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత కొట్టండి, గర్భస్రావాలకు చిన్న త్రిభుజం. మన ఇళ్ళల్లో దాచేవే ఇక్కడ ముఖ్యం. పుట్టి రెండో రోజు పోయిన బిడ్డ, మాటలు రాని పెద్దమ్మ కొడుకు, ముగ్గురు మేనమామల్లో పదేళ్ళకే నడక పోయినవాళ్ళు. ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చి మగపిల్లలకే తగిలితే డూషెన్ కండర క్షీణత, హీమోఫీలియా లాంటివి. ఇవి తల్లి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తాయి, మేనరికంతో పనిలేదు. డూషెన్‌లో మూడో వంతు పిల్లలకు తల్లి కూడా మోయకుండానే కొత్తగా పుట్టుకొస్తుంది. పొట్టితనం తెచ్చే అకాండ్రోప్లేసియా కూడా చాలాసార్లు కొత్త మార్పే, తండ్రి వయసు పెరిగేకొద్దీ కాస్త ఎక్కువ. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు కాబట్టి అవిటి పిల్లలు పుడతారన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ అందులో నిజం లేదు. ఆర్‌హెచ్ నెగెటివ్ విషయం వేరు, దానికి ఇంజెక్షన్ ఉంది.

21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ కావడం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్‌కూ మేనరికానికీ సంబంధం లేదు. తల్లి వయసు 25 అయితే 1250 కాన్పుల్లో ఒకటి, 35కు సుమారు 350లో ఒకటి, 40కి వందలో ఒకటి. అయినా ఎక్కువమంది డౌన్ పిల్లలు పుట్టేది చిన్న వయసు తల్లులకే, ఎందుకంటే కాన్పుల్లో ఎక్కువ వాళ్ళవే. బిడ్డకు డౌన్ అని చూడగానే తెలిసినా క్రోమోజోమ్ పరీక్ష వదలకూడదు. వందలో మూడు నాలుగు కేసుల్లో 21వ క్రోమోజోమ్ వేరేదానికి అతుక్కుని ఉంటుంది. అప్పుడు తల్లిదండ్రులకూ పరీక్ష చేయాలి. తల్లి అలాంటి అతుకు మోస్తుంటే తర్వాతి బిడ్డకు ముప్పు వందకు పది పదిహేను. అతుకు 21కి 21 అయితే పుట్టే ప్రతి బిడ్డకూ డౌనే.

థలసీమియా మోస్తున్న సంగతి కంటపడకుండా పోవడానికి కారణం ఐరన్ బిళ్ళ. గర్భిణికి హిమోగ్లోబిన్ 9 ఉంటే అందరూ రక్తహీనత అనుకుని ఐరన్ ఇస్తారు, నాలుగు నెలలైనా పెరగదు. రక్తకణాల లెక్క చూపే సీబీసీ కాగితంలోనే జవాబు ఉంటుంది. ఎర్ర కణం సగటు పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ అనే అంకెను ఎర్ర కణాల సంఖ్యతో భాగించండి. ఎంసీవీ 62, ఎర్ర కణాలు 5.6 మిలియన్లు అయితే 11 వస్తుంది. 13 కంటే తక్కువ కాబట్టి థలసీమియా మోస్తుండొచ్చు. ఎంసీవీ 70, కణాలు 3.9 అయితే 18, అది ఐరన్ లోపం వైపు. ఇది అనుమానం రేకెత్తించడానికే. తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, అందులో హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటాలి. భార్యకు అని తేలితే ఆ వారంలోనే భర్తకు చేయించాలి.

ఇక పరీక్షల్లో ఎక్కడ చెడుతుందో చెప్పాలి. క్రోమోజోమ్ పరీక్షకు రక్తం ఆకుపచ్చ మూత ట్యూబులో, సోడియం హెపారిన్ ఉన్నదానిలో తీయాలి. అక్కడ కణాలను బతికించి పెంచాలి. అలవాటు కొద్దీ సీబీసీ తీసే ఊదారంగు మూత ట్యూబులో తీస్తే కణాలు పెరగవు, మూడు వారాల తర్వాత ‘ఫెయిల్డ్ కల్చర్’ అని కాగితం వస్తుంది. డీఎన్‌ఏ పరీక్షలకు మాత్రం ఆ ఊదారంగు ట్యూబే సరైనది. రక్తం ఎక్కించాక హెచ్‌పీఎల్‌సీ చేస్తే దాత రక్తం కనిపిస్తుంది. కాబట్టి ఎక్కించే ముందే తీసి పెట్టాలి, లేదంటే తల్లిదండ్రులకు చేయాలి. జన్యువులన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ అనే ఖరీదైన పరీక్ష నార్మల్ వచ్చిందంటే జన్యు సమస్య లేదని కాదు. బుద్ధిమాంద్యం తెచ్చే ఫ్రాజైల్ ఎక్స్ అందులో కనపడదు, వెన్నెముక కండర క్షీణత సాధారణంగా చిక్కదు. డూషెన్‌కు ముందు జన్యువులో ముక్కలు పోయాయా, పెరిగాయా అని చూసే ఎంఎల్‌పీఏ పరీక్ష చేస్తే మూడింట రెండు వంతుల కేసులు అక్కడే తేలిపోతాయి. ఏ వరసలో చేయాలో జెనెటిక్స్ విభాగంలో అడిగి డబ్బు ఖర్చుపెట్టండి. చిత్తూరు వాళ్ళకు గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీలో ఆ విభాగం ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఉంది.

ఈ పరీక్షలు మళ్ళీ గర్భం రాకముందే పూర్తికావాలి. జబ్బు పడిన బిడ్డలో ఏ జన్యువులో ఏ అక్షరం మారిందో తేలితేనే కడుపులో బిడ్డను పరీక్షించగలరు. నివేదిక రావడానికే వారాలు పడుతుంది. మాయ ముక్క తీసేది 11 నుంచి 13 వారాల మధ్య, ఉమ్మనీరు 15 వారాలు దాటాక. ఉమ్మనీటి కల్చర్‌కు మళ్ళీ రెండు మూడు వారాలు. 2021 సవరణ తర్వాత గర్భవిచ్ఛిత్తి చట్టంలో 20 వారాలదాకా ఒక డాక్టరు, 24దాకా కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆపైన బిడ్డలో తీవ్ర లోపముంటే రాష్ట్ర మెడికల్ బోర్డు అనుమతి. టిఫా 22 వారాలకు చేయించుకుంటే ఆలోచించుకోవడానికే రోజులు మిగలవు. 18 నుంచి 20 మధ్య చేయించండి. 11 నుంచి 13 వారాల ఆరు రోజుల మధ్య బిడ్డ మెడ వెనక నీటి మందాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్, దానితోపాటు తల్లికి డబుల్ మార్కర్ రక్త పరీక్ష. తల్లి రక్తంలోకి వచ్చిన బిడ్డ డీఎన్‌ఏను చూసే ఎన్‌ఐపీటీ పరీక్ష 10 వారాల నుంచి చేస్తారు, డౌన్‌ను చాలా బాగా పడుతుంది. కానీ పాజిటివ్ వచ్చినా అది తీర్పు కాదు, ఉమ్మనీటి పరీక్షతో ఖాయం చేసుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

బిడ్డ దక్కలేదంటే ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తురాని పని ఒకటుంది, అది దగ్గరి బంధువెవరైనా మీద వేసుకోవాలి. బిడ్డ నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం ఊదారంగు ట్యూబులో తీయించి డీఎన్‌ఏ దాచమని అడగండి. రక్తం అందకపోతే చిన్న చర్మం ముక్క, సెలైన్‌లో. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు, ఒళ్ళంతా వచ్చేలా ఒక ఎక్స్‌రే. ఇవి ఉంటే ఏడాది తర్వాతైనా కారణం తేల్చవచ్చు. ఇవేవీ లేకుండా వచ్చే దంపతులకు ‘వచ్చేసారి ఇరవై అయిదు శాతం ఉండొచ్చు, ఉండకపోవచ్చు’ అన్నదానికి మించి ఎవరూ చెప్పలేరు.

పుట్టాక చేసే పనుల్లో అన్నిటికంటే చౌకగా, ఎక్కువ ఫలితమిచ్చేది మడమ చుక్క రక్తంతో థైరాయిడ్ పరీక్ష. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య. సుమారు వెయ్యిమందిలో ఒక బిడ్డకు థైరాయిడ్ లోపం ఉంటుంది, పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలియదు. కామెర్లు త్వరగా తగ్గకపోవడం, మలబద్ధకం, నాలుక లావు కనిపించేసరికి నెలలు గడిచి మెదడు దెబ్బతినేస్తుంది. రెండు వారాల లోపు థైరాక్సిన్ మొదలుపెడితే మామూలు పిల్లల్లాగే చదువుతారు. మోతాదు కిలోకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మూడు కిలోల బిడ్డకు ఒకటిన్నర 25 మైక్రోగ్రాముల బిళ్ళ. బిళ్ళను చెంచాలో నలిపి, కొద్దిగా తల్లిపాలలో కలిపి అప్పటికప్పుడు పట్టాలి. పాల సీసాలో వేస్తే బిడ్డ సగంలో ఆపేస్తాడు, మందు సీసాలోనే ఉండిపోతుంది. ఐరన్, కాల్షియం చుక్కలకు నాలుగు గంటల దూరం పాటించాలి. మొదలుపెట్టిన రెండు వారాలకు రక్త పరీక్ష, ఆపైన డాక్టరు చెప్పిన గడువులకు. అవసరం తీరిపోయిందేమో చూడటానికి మందు ఆపి పరీక్షించేది మూడేళ్ళు నిండాకే, అదీ డాక్టరు చెబితేనే. బిడ్డ చురుగ్గానే ఉన్నాడని అంతకుముందే ఇంట్లో ఆపేయకూడదు.